ప్యానెల్ ఎందుకు ఆన్ చేశారని అడగండి

ఉపాధ్యాయ శిక్షణలనూ డిజిటల్ తరగతులనూ పర్యవేక్షించే విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం. వేసవి శిక్షణల షెడ్యూలు ఖరారు కాకముందే మీ దృష్టికి రావాలని ఈ లేఖ ఇప్పుడు రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా తరగతి గది గోడకు పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది. అది వచ్చినందుకు సంతోషమే. సుద్దముక్క ఒక్కటే చాలని వాదించే వాళ్లలో నేను లేను. నా ఫిర్యాదు వేరు. ఆ ప్యానెల్‌తో ఏ పాఠంలో, ఏ పీరియడ్‌లో, ఏ పని చేయించాలో కూర్చుని ఆలోచించుకునే వ్యవధి మాకు దొరకలేదు. ఆ ఆలోచనలో తోడు కూడా దొరకలేదు. లాగిన్, పాస్‌వర్డ్ మాత్రం సకాలంలో అందాయి.

నేను హాజరైన శిక్షణలన్నీ దాదాపు ఒకే తీరుగా జరిగాయి. తెలుగు, గణితం, సోషల్, జీవశాస్త్రం, మేము, అందరం ఒకే హాల్లో. రిసోర్స్ పర్సన్ ముందు నిలబడి పెన్ను రంగు ఎలా మార్చాలో, తెరను రెండు భాగాలు ఎలా చేయాలో, ఫోనులోని బొమ్మను ప్యానెల్ మీదికి ఎలా పంపాలో చూపిస్తారు. ఆయనను తప్పుపట్టలేను, ఆయన చేతికి వచ్చిన స్లైడ్లలో ఉన్నది అంతే. ఆ విద్యలన్నీ మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంటర్వెల్ గంట మోగేలోపు నేర్పేస్తారు. భోజనాల తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫారం, గ్రూపు ఫోటో, సంతకాలు. పదో తరగతి ‘విద్యుత్ ప్రవాహం’ పాఠంలో తెర ఏ రోజు కావాలి, ఏ రోజు అడ్డు, అన్న మాట రోజంతా ఒక్కసారి కూడా రాదు.

బడికి తిరిగి వచ్చాక లెక్కలు మొదలవుతాయి. ప్యానెల్ రోజుకు ఎంతసేపు నడిచింది? నిమిషాలు అడిగితే నిమిషాలే పుడతాయి. వీడియో తన పాటికి తాను నడుస్తుంటుంది, టీచరు పక్కన కూర్చుని ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ పరీక్షల) మార్కులు ఎక్కిస్తుంటారు, వెనక బెంచీ వాళ్లు వేరే లోకంలో ఉంటారు. సోమరులే ఇలా చేస్తారని అనుకోకండి. చక్కగా పాఠం చెప్పే వాళ్లూ చేస్తారు. మార్కులకు గడువు ఉంటుంది, ఆలస్యమైతే ఫోను వస్తుంది. వీడియో ఎందుకు వేశావని మాత్రం ఎవరూ అడగరు.

నా పాఠాన్నే తీసుకుని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు విషయం ఇలాంటి వివరాల్లోనే ఉంది. ఓమ్ నియమం చెప్పడానికి బ్యాటరీ, మాంగనిన్ తీగ, అమ్మీటర్, వోల్ట్‌మీటర్ కావాలి. ఇదే ప్రయోగం ప్యానెల్ మీద చాలా శుభ్రంగా జరుగుతుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ‘ఫెట్’ అనే సంస్థ ఇలాంటి అనుకరణ ప్రయోగాలను ఉచితంగా ఇస్తుంది. చాలావాటికి తెలుగు రూపాలు కూడా ఉన్నాయి. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. మా బడిలాంటి చోట అది పెద్ద గుణం. మరి ప్రయోగశాల తాళం తీయడం మానేసి, తెర మీద వలయం కట్టి చూపిస్తే సరిపోదా?

సరిపోదు. తెర మీద వలయంలో తీగ వదులు కాదు. అమ్మీటర్ ధన ధ్రువాన్ని తప్పుగా కలిపితే ముల్లు వెనక్కి కొట్టుకోవడం అక్కడ ఉండదు. తీగ కొసను గీకకుండా కలిపితే కరెంటు రాకపోవడం ఉండదు. పదిహేనేళ్ల పిల్ల తన చేత్తో వలయం కట్టి, అది పనిచేయక, ఎక్కడ తెగిందో వెతుక్కునే ఆ పది నిమిషాల్లో నేర్చుకునేది ఏ వీడియో నేర్పదు. కాబట్టి నా ప్రణాళికలో మొదటి రెండు పీరియడ్లు ప్యానెల్ ఆఫ్‌లోనే ఉంటుంది. నిమిషాల పట్టికలో ఆ రెండు రోజులూ నాకు సున్నా.

మూడో రోజు సంగతి వేరు. పిల్లల్లో చాలామందికి లోపల ఒక నమ్మకం ఉంటుంది: రెండు బల్బులను శ్రేణిలో కలిపితే మొదటి బల్బు కొంత కరెంటును తినేస్తుందని, మిగిలినదే రెండో బల్బుకు చేరుతుందని. ఇది మా బడి పిల్లలకే పరిమితమైన పొరపాటు కాదు, ప్రపంచమంతటా భౌతికశాస్త్రం చెప్పేవాళ్లకు ఎదురయ్యేదే. దీన్ని ప్రయోగశాలలో సరిదిద్దబోతే కొన్నిసార్లు బెడిసికొడుతుంది. బజారులో కొన్న చిన్న టార్చి బల్బులు ఒకే పెట్టెలోవైనా అన్నీ ఒకేలా ఉండవు. ఒకటి కొంచెం మసకగా వెలుగుతుంది. అది చూసి పిల్లలు ‘చూశారా సార్, రెండోదానికి తక్కువే వెళ్లింది’ అంటారు. తప్పు నమ్మకానికి ప్రయోగమే సాక్ష్యం పలికినట్టయింది! ఇక్కడ తెర పనికొస్తుంది. అందులో రెండు బల్బులూ అచ్చంగా సమానం. బల్బుకు ముందొక అమ్మీటర్, తర్వాతొక అమ్మీటర్ పెడితే రెండింట్లోనూ ఒకే అంకె. తీగలో ఎలక్ట్రాన్లు ఎక్కడా తగ్గకుండా చుట్టూ తిరగడం కంటికి కనిపిస్తుంది. నిరోధాన్ని మార్చి మార్చి ఒక్క పీరియడ్‌లో ఇరవై కొలతలు తీసి గ్రాఫు గీయించవచ్చు.

అయితే తెరను అలాగే వదిలేస్తే అదీ తమాషాగానే మిగులుతుంది. (ఆ అనుకరణలో షార్ట్ సర్క్యూట్ చేస్తే బ్యాటరీ నుంచి మంటలు వస్తాయి. పిల్లలకు ఒకసారి తెలిసిందా, ఇక ఓమ్ గారిని పట్టించుకునేవారుండరు.) అందుకే బటన్ నొక్కే ముందు ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో తమ ఊహ రాయాలి: రెండో అమ్మీటర్ ఎక్కువ చూపుతుందా, తక్కువా, సమానమా? చేతులెత్తించి లెక్క బోర్డు మీద వేయాలి. ఆ తర్వాతే తెర. తాను రాసింది తప్పని తెలిసిన పిల్లవాడు తెర వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది. ఆ వెంటనే తెర చెప్పే అబద్ధం కూడా చెప్పాలి: ఎలక్ట్రాన్లు నిజంగా అంత వేగంగా జరగవు, మామూలు ఇంటి తీగలో సెకనుకు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే కదులుతాయి, తీగ అంతటా ఒకేసారి కదలిక మొదలవుతుంది కాబట్టే స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది అని.

చేతులు ముందు, తెర తర్వాత. తెరకు ముందు ఊహ, తెర తర్వాత హెచ్చరిక. పాఠ ప్రణాళిక అంటే నా దృష్టిలో ఈ వరుసను నిర్ణయించడమే. ఏ బటన్ ఎక్కడుందో చెప్పే శిక్షణలో దీనికి చోటు ఉండదు. పైగా ఈ నిర్ణయం సబ్జెక్టును బట్టి, పాఠాన్ని బట్టి, గదిలో ఉన్న పిల్లలను బట్టి మారుతుంది. అందరినీ ఒకే హాల్లో కూర్చోబెడితే చెప్పగలిగేది పెన్ను రంగు గురించి మాత్రమే.

సోషల్ చెప్పే మా సహోపాధ్యాయురాలు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద పాఠం చెప్పిన తీరు చూడండి. పిల్లలు మూసీని రోజూ వంతెన మీది నుంచి చూస్తారు. దుర్వాసన తప్ప వాళ్లకు ఆ నది గురించి వేరే జ్ఞాపకం లేదు. ఆమె ‘భువన్’ పటాన్ని ప్యానెల్ మీద తెరిచారు. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009 నుంచి నడుపుతున్న పటం అది. పిల్లలు తమ బస్తీ ఎక్కడుందో వేలితో వెతికారు, తర్వాత నది వెంట పైకి, పడమరకు వెళ్లారు. వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను (1927) ఎందుకు నగరానికి ఎగువనే కట్టారో పుస్తకం ఒక వాక్యంలో చెబుతుంది. పటం మీద నీటి దారి పట్టుకుని వెళ్లిన పిల్లలు దాన్ని తామే చెప్పారు. అదే పాఠంలో, వరదలో నూట యాభై మంది దాకా ప్రాణాలు నిలిపిందని చెప్పే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఫోటోను మాత్రం ఆమె తెర మీద వేయలేదు. అఫ్జల్‌గంజ్ బస్సు ఎక్కితే చెట్టునే చూడవచ్చు కదా, సెలవు రోజున వెళ్లి చూసి రండి అన్నారు. సాంకేతికతను ఇంత తెలివిగా వాడిన పాఠం నేను ఈ మధ్య చూడలేదు. ఇక్కడ ‘వాడకపోవడం’ కూడా వాడకంలో భాగమే.

తెలుగు మాస్టారికి అసలు ప్యానెల్‌తో పనే పడదు. ఆయన తన మామూలు ఫోనులో పిల్లలు పద్యం చదవడాన్ని రికార్డు చేసి వాళ్లకే వినిపిస్తారు. ఎక్కడ విరిచారో, ఏ ఒత్తు మింగారో వాళ్లకే తెలిసిపోతుంది. ఆయన పేరు ఏ డిజిటల్ నివేదికలోనూ ఉండదు.

ఇదంతా మా ఒక్క బడి అనుభవం అని పక్కన పెడతారేమో. గుజరాత్‌లో జ్ఞాన్‌శాల అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో జరిగిన పరిశీలనను ఆర్థికవేత్త లీ లిండెన్ 2008లో ప్రచురించారు. అదే రకం కంప్యూటర్ పాఠాలను కొన్నిచోట్ల బడి వేళల్లో టీచరు చెప్పే సమయానికి బదులుగా పెట్టారు, మరికొన్నిచోట్ల బడి వేళలకు బయట అదనంగా పెట్టారు. అదనంగా పెట్టినచోట పిల్లల గణితం మెరుగుపడింది. బదులుగా పెట్టినచోట, కంప్యూటర్ లేని పిల్లల కన్నా వెనకబడ్డారు. యంత్రంలో తేడా లేదు, దాన్ని ఎక్కడ ఇరికించామన్నదే తేడా. పెరూలో ఒక్కో విద్యార్థికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన భారీ పథకం లెక్కల్లో, భాషలో మార్కులు పెంచలేకపోయింది. పాఠశాలల్లో కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో పిసా అనే అంతర్జాతీయ విద్యార్థి పరీక్షల ఫలితాలు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదని, ఆ పరీక్షలు నిర్వహించే ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 2015లో నివేదిక ఇచ్చింది. మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన పున్యా మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లోనే దీనికి కారణం సూచించారు: పరికరం తెలియడం, పాఠ్యాంశం తెలియడం, దాన్ని చెప్పే తీరు తెలియడం, ఈ మూడూ ఒకరిలో కలిస్తేనే ప్రయోజనం, విడివిడిగా నేర్పితే కలవవు. మన శిక్షణలు సరిగ్గా విడివిడిగానే నేర్పుతున్నాయి.

శిక్షణల్లో తరచు చూపించే నాలుగు మెట్ల చార్టు గురించి కూడా ఒక మాట. రూబెన్ ప్యుయెంటెడురా తయారుచేసిన ‘సామ్ర్’ నమూనా అది. పాత పనినే కొత్త పరికరంతో చేయడం కింది మెట్టు, ఇదివరకు ఊహించలేని పని చేయడం పై మెట్టు. చార్టు తప్పని అనను. కానీ దాన్ని చూసిన టీచరుకు ఎప్పుడూ పై మెట్టు మీదే ఉండాలన్న బెంగ పట్టుకుంటుంది. అరవై మంది పిల్లలున్న గదిలో బోర్డు మీద గీయడానికి పావుగంట పట్టే కన్ను నిర్మాణాన్ని తెర మీద ఒక్క క్షణంలో చూపించి, ఆ పావుగంటనూ పిల్లల సందేహాలకు ఇస్తే అది కింది మెట్టే. నాకు మాత్రం అది బంగారంలాంటి పీరియడ్.

పరికరం ముందు రావడం, ఆలోచన తర్వాత రావడం, లేదా రాకపోవడం మనకు కొత్త కాదు. 1984లో బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి, 2004లో పాఠాల ప్రసారానికి ఎడ్యుశాట్ ఉపగ్రహం వచ్చింది. కొవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు వచ్చాయి. ఆ రోజుల్లో వేరే దారి లేదు, ఆ పాఠాలు తయారుచేసిన టీచర్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఇప్పుడు దారులు ఉన్నాయి కదా.

కొత్తగా ఇంకొకటి వచ్చింది. ఏడాది మొత్తానికి పాఠ ప్రణాళికలు రాసిపెట్టే చాట్‌బాట్లు. పీరియడ్ ప్రణాళిక రికార్డులు ఈమధ్య చాలా అందంగా ఉంటున్నాయని మీకు అనిపిస్తుంటే కారణం అదే. ‘మల్టీమీడియా ద్వారా విద్యార్థులను భాగస్వాములను చేయుట’ అని ప్రతి పేజీలోనూ ఉంటుంది. నా తరగతిలో సగం మంది ఇళ్లలో ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడతారని, మా ప్రయోగశాలలో పనిచేసే అమ్మీటర్లు ఎన్నో, నిన్న ఎవరికి ఏది అర్థం కాలేదో ఆ యంత్రానికి తెలియదు. తెలియకుండానే నిండు పేజీ రాస్తుంది. దాన్ని నిషేధించమని నేను కోరను. నిషేధిస్తే దొంగచాటుగా వాడతారు. నేనూ వాడతాను, కానీ ప్రణాళిక రాయించడానికి కాదు. ఒకే లెక్కను మూడు స్థాయిల్లో ఇవ్వమంటాను. ఒక ప్రశ్నకు పిల్లలు రాయగల తప్పు జవాబులు ఊహించమంటాను. వాటిలో కొన్ని భలే నిజంగా ఉంటాయి. రెండు భాషల్లో ఉన్న మా పాఠ్యపుస్తకంతో పోల్చి పారిభాషిక పదాలు సరిచూసుకుంటాను, ఎందుకంటే తెలుగులో అది ధీమాగా తప్పులు చేస్తుంది. ఈ పనులు టీచర్లకు నేర్పండి. నిండు పేజీల రికార్డు అడగడం మానేసి, టీచరు స్వదస్తూరీతో అర పేజీ అడగండి. అందంగా లేకపోయినా నిజంగా ఉంటుంది.

ఇక నేను కోరేవి. శిక్షణను సబ్జెక్టు వారీగా పెట్టండి, ఇంకా మేలైతే పాఠం వారీగా పెట్టండి. జూన్, జూలైలలో చెప్పబోయే పాఠాన్ని టీచరు వెంట తెచ్చుకోవాలి. ఇంటికి వెళ్లేటప్పుడు ఆ పాఠానికి ముగ్గురు నలుగురు తోటి టీచర్లతో వాదించి రాసుకున్న ప్రణాళిక చేతిలో ఉండాలి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరుకూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. ఆ గంటల్లో కొన్నింటిని ఈ పనికి కేటాయిస్తే కొత్త జీవో అవసరం కూడా ఉండకపోవచ్చు.

పీరియడ్ ప్రణాళిక నమూనాలో ఒక్క గడి చేర్చండి: ‘ఈ పరికరం లేకపోతే ఈ పీరియడ్‌లో పిల్లలు ఏమి కోల్పోతారు?’ జవాబు ‘ఏమీ కోల్పోరు, అందుకే వాడటం లేదు’ అయితే దాన్ని పూర్తి జవాబుగా అంగీకరించండి. తనిఖీకి వచ్చినవాళ్లు నిమిషాలకు బదులు ఆ గడి చదవాలి, చదివి టీచరుతో వాదించాలి. నిమిషాల లెక్కను మరమ్మతుల కోసం ఉంచుకోండి, బడులకు ర్యాంకులివ్వడానికి వాడకండి. మరమ్మతు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, చెడిపోయిన ప్యానెల్‌ను ఎవరు బాగుచేయాలో, ఎన్ని రోజుల్లో చేయాలో రాసిన కాగితం ప్రతి హెచ్‌ఎం గదిలో అతికించి ఉండాలి.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలను కూడా మార్చవచ్చు. జపాన్ టీచర్లు చాలాకాలంగా ఒక పద్ధతి పాటిస్తున్నారు: కొందరు కలిసి ఒక్క పాఠాన్ని ప్రణాళిక చేస్తారు, ఒకరు చెబుతారు, మిగిలినవాళ్లు వెనక కూర్చుని టీచరును కాక పిల్లలను గమనిస్తారు, తర్వాత ప్రణాళికను మారుస్తారు. మన కాంప్లెక్స్ సమావేశంలో సర్క్యులర్లు చదివి వినిపించే సమయాన్ని దీనికి ఇస్తే చాలు. సర్క్యులర్లు ఎలాగూ వాట్సాప్‌లో ముందే వచ్చేస్తున్నాయి.

సమయం గురించి నిజాయితీగా చెప్పాలి. లీజర్ పీరియడ్‌లో, అంటే తరగతి లేని పీరియడ్‌లో, మేము చేసేది హాజరు యాప్, మధ్యాహ్న భోజనం వివరాలు, యూడైస్ (బడుల సమాచారాన్ని సేకరించే జాతీయ పోర్టల్) ఎంట్రీలు. సాంకేతికత ఇప్పటిదాకా టీచరు సమయాన్ని ఎక్కువగా తినేసింది ఇక్కడే, తరగతి గదిలో కాదు. వారానికి రెండు లీజర్ పీరియడ్లయినా ప్రణాళికకే అని రాసి ఇవ్వండి. ఆ సమయంలో ఏ డేటా అడగవద్దని మండల స్థాయికి చెప్పండి.

నగరంలోని చిన్న ప్రైవేటు బడులు మీ శిక్షణల పరిధిలోకి రావు. కానీ అక్కడి పరిస్థితి చూస్తే మనం ఎటు పోకూడదో తెలుస్తుంది. కంపెనీ ఇచ్చిన పాఠం కంపెనీ చెప్పిన వరుసలోనే నడుస్తుంది, టీచరు ‘నెక్స్ట్’ నొక్కాలి. అక్కడ పనిచేసే నా పూర్వ విద్యార్థిని ఒకరు, పిల్లవాడు ప్రశ్న అడిగితే వీడియో ఆపే స్వేచ్ఛ కూడా తనకు లేదని చెప్పింది. సిలబస్ వెనకబడుతుందట.

ఈ లేఖతో పాటు ‘విద్యుత్ ప్రవాహం’ పాఠానికి నేను రాసుకున్న పీరియడ్ ప్రణాళికలను జతచేస్తున్నాను. పైన నేను కోరిన గడిని అందులో నేనే గీసి నింపాను. సగానికి పైగా పీరియడ్లలో ‘ప్యానెల్ వాడటం లేదు’ అనే ఉంటుంది, కారణం పక్కనే రాశాను. వాటిని నగరంలోని ఇతర భౌతికశాస్త్రం టీచర్లకు పంపి, లోపాలు ఎత్తిచూపమనండి. వేసవి శిక్షణలో ఒక్క పూట, ఒక్క కాంప్లెక్స్‌లో, ఒక్క సబ్జెక్టు టీచర్లతో ఈ పద్ధతి ప్రయత్నించే వీలుంటే ఏ రోజైనా వస్తాను. బడులు తెరిచాక మీలో ఎవరైనా చెప్పకుండా మా తరగతికి రావచ్చు. పీరియడ్ మొత్తం కూర్చోవాలన్నదే నా షరతు.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
హైదరాబాద్